తెర మీద బొమ్మేనని తెలుసు... మరి ఈ కన్నీళ్ళెందుకు?

ఏడుపు సినిమాకి బయల్దేరేముందు మన ఆడవాళ్ళు తప్పకుండా చేసే పని ఒకటుంది. హ్యాండ్‌బ్యాగులో ఒక చేతిరుమాలు ఎక్కువ పెట్టుకోవడం! కథ ముందే తెలుసు. చూసొచ్చిన పక్కింటావిడ క్లైమాక్సుతో సహా చెప్పేసింది. తెర మీద చచ్చిపోయేది నటి అనీ, షూటింగ్ అయ్యాక మేకప్ తుడుచుకుని ఇంటికెళ్ళి హాయిగా భోంచేసి వుంటుందనీ తెలుసు. అయినా ఆ సీను వచ్చేసరికి గొంతుకి ఏదో అడ్డం పడుతుంది. కళ్ళు నిండిపోతాయి. సరిగ్గా అప్పుడే పక్క సీట్లోంచి శ్రీవారి గొంతు వినిపిస్తుంది - "అంతా ఉత్తుత్తిదే కదా! దానికింత ఏడుపెందుకోయ్?"

దీనికి మనదగ్గర జవాబుండదు. "కంట్లో నలక పడిందండీ" అని కొంగుతో కళ్ళొత్తుకుంటాం.

ఈ వారం ఆ జవాబేదో వెతుకుదాం. చిత్రమేమిటంటే అది సినిమా పుస్తకాల్లో కంటే జీవశాస్త్రంలో ఎక్కువ దొరుకుతుంది. హైస్కూల్లో పరీక్ష కోసం బట్టీపట్టి ఆ తర్వాత మర్చిపోయామే, ఆ పరిణామ సిద్ధాంతంలో!

గాజు పలక ముందు డార్విన్

పరిణామ సిద్ధాంతం అనగానే గుర్తొచ్చే పేరు చార్లెస్ డార్విన్. ఆయన 1872లో మనుషుల్లోనూ జంతువుల్లోనూ భావాలు ఎలా బయటపడతాయన్న విషయం మీద ఒక పుస్తకం రాశాడు. అందులో తన మీద తనే చేసుకున్న ఒక చిన్న పరీక్ష గురించి చెప్పాడు. లండన్ జూలో పఫ్ ఆడర్ అనే విషసర్పం వుండేది. చూసేవాళ్ళకీ దానికీ మధ్య మందపాటి గాజు పలక. డార్విన్ వెళ్ళి ఆ గాజుకి బాగా దగ్గరగా ముఖం పెట్టి నిలబడ్డాడు. పాము మీదికి దూకినా సరే, వెనక్కి జరక్కూడదని గట్టిగా నిశ్చయించుకున్నాడు. పాము విసురుగా కాటు వేయబోయింది. అంతే! అంతటి మేధావీ ఒక్క గెంతులో గజం రెండు గజాలు వెనక్కి వెళ్ళిపోయాడు!

గాజు వుందని ఆయనకి తెలుసు. పాము తననేమీ చెయ్యలేదనీ తెలుసు. పాముకాటంటే ఎలా వుంటుందో అనుభవం కూడా లేదు. అయినా కాళ్ళు ఆయన మాట వినలేదు.

ఇప్పుడు ఆ గాజు పలక బదులు సినిమా తెర పెట్టుకుని చూడండి. మనకి జరిగేదీ అదే. "ఇది నిజం కాదు" అని బుద్ధి చెబుతూనే వుంటుంది. బుద్ధి నోరు తెరిచేలోపలే ఒళ్ళు తన పని తాను చేసేస్తుంది.

ఇది బలహీనత అనుకోకండి. మన వేదాంతులు మాయ గురించి చెప్పడానికి తాడునీ పామునీ ఉదాహరణగా తెస్తారు కదా! జీవశాస్త్రం కూడా ఆ తాడూ పామూ కథే చెబుతుంది, కాకపోతే ఇంకో వైపు నుంచి. చీకట్లో తాడుని చూసి పాము అనుకుని గెంతితే పోయేదేమీ లేదు. కాసేపు నవ్వులపాలవుతాం, అంతే. కానీ పాముని చూసి తాడు అనుకుంటే ప్రాణమే పోతుంది. అందుకని ముందు గెంతి, తర్వాత ఆలోచించేవాళ్ళే ఎక్కువగా బతికి బట్టకట్టారు. మనం వాళ్ళ మునిమనవరాళ్ళం!

ఒక రోజులో ముప్ఫై ఏడు క్షణాలు

పారిస్‌లో లూమియేర్ సోదరులు డబ్బు తీసుకుని జనానికి సినిమా చూపించింది 1895 డిసెంబరులో. మరుసటేడే, 1896లో, బొంబాయిలో వేశారు. మన తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. అంటే సినిమా వయసు మొత్తం కలిపినా నూటముప్ఫై ఏళ్ళు. మరి మనిషి జాతి వయసో? దాదాపు మూడు లక్షల ఏళ్ళు. ఈ మూడు లక్షల ఏళ్ళనీ ఒక రోజుగా కుదించారనుకోండి. తెల్లవారుజామున, మధ్యాహ్నం, సాయంత్రం... ఎక్కడా సినిమా లేదు. అర్ధరాత్రి పన్నెండు కొట్టబోయే ముందు, ఆఖరి ముప్ఫై ఏడు సెకన్లలో వచ్చింది సినిమా!

మిగతా రోజంతా మనిషి కళ్ళ ముందు ఏడ్చిన ప్రతి ముఖమూ నిజం ముఖమే. చెవిన పడిన ప్రతి కేకా నిజం కేకే. ఏడుస్తున్న ముఖం కనపడితే అక్కడ ఒక మనిషి వున్నట్టే, ఆ మనిషికి కష్టం వచ్చినట్టే. "ఇది నిజం ముఖమా, బొమ్మ ముఖమా?" అని తేల్చుకోవలసిన అవసరం మన మెదడుకి ఎప్పుడూ రాలేదు. ఈ ముప్ఫై ఏడు సెకన్లలో అది కొత్తగా ఎక్కడ నేర్చుకుంటుంది చెప్పండి?

అయితే మరి తెర మీద పులి దూకితే మనం లేచి పరుగెత్తం కదా అంటారా? నిజమే. గుండె దడదడలాడుతుంది, చేతులు కుర్చీని పట్టుకుంటాయి, కానీ కాళ్ళు కదలవు. బుద్ధి ఆలస్యంగానైనా వచ్చి, "కూర్చో తల్లీ, అది సినిమా" అని సర్దిచెబుతుంది. అంటే పనిని ఆపగలదు గానీ, భావాన్ని ఆపలేదన్నమాట. సినిమా సరదా అంతా ఇందులోనే వుంది. ప్రమాదం లేని భయం, నష్టం లేని దుఃఖం!

అరచేతి దూరంలో ముఖం

పుట్టిన పాపాయికి చూపు దూరం ఆనదు. ఇరవై, ముప్ఫై సెంటీమీటర్ల దూరంలో వున్నదే కాస్త తేటగా కనిపిస్తుంది. అంటే పాలిచ్చేటప్పుడు బిడ్డ కళ్ళకీ తల్లి ముఖానికీ వుండే దూరం. ముఖాలు చదవడం మనం అక్కడ మొదలుపెడతాం. పెద్దయ్యాక అంత దగ్గరగా ఎవరి ముఖం చూస్తాం? కట్టుకున్నవాడిదీ, కన్నబిడ్డలదీ. ఇంతే కదా!

సినిమాలో క్లోజప్ చేసేది ఇదే. ఎవరో ముక్కూమొహం ఎరగని మనిషిని తెచ్చి, కేవలం మనవాళ్ళకే ఇచ్చే దూరంలో నిలబెడుతుంది. 'దేవదాసు'లోనో, 'రక్తసంబంధం'లోనో సావిత్రి కళ్ళలో నీళ్ళు తిరిగేటప్పుడు ఆ కనురెప్పల వణుకు మనకి ఎంత దగ్గరగా కనిపిస్తుంది! స్టేజీ నాటకంలో పదో వరుసలో కూర్చుంటే అది కనపడదు.

పైగా ఎదుటి ముఖం చూస్తుంటే మన ముఖమూ ఊరుకోదు. స్వీడన్‌లో ఉల్ఫ్ డింబర్గ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1980లలో జనం ముఖాలకి సన్నని తీగలు అంటించి, నవ్వే ముఖాల, కోపపు ముఖాల ఫొటోలు చూపించాడు. నవ్వు ముఖం చూసినప్పుడు బుగ్గ కండరం, కోపపు ముఖం చూసినప్పుడు కనుబొమల కండరం కదిలాయి. బయటకి కనపడనంత కొద్దిగా, వాళ్ళకే తెలియకుండా! వట్టి ఫొటోకే ఇలా అయితే, రెండున్నర గంటలు కదిలే, మాట్లాడే, పాడే ముఖాలు చూస్తే ఎలా వుంటుందో వేరే చెప్పాలా?

ఎవరి బిడ్డ అయితేనేం?

ఇక అసలు సంగతికి వద్దాం. మనల్ని అన్నిటికంటే ఎక్కువ ఏడిపించే సీను ఏది? ప్రేమికులు విడిపోవడమా? హీరో చచ్చిపోవడమా? అవీ వున్నాయి గానీ, వాటన్నిటినీ మించింది తల్లీబిడ్డల ఎడబాటు. 1972లో వచ్చిన 'పాపం పసివాడు' గుర్తుందా? విమానం కూలిపోయి, ఎడారిలో ఒంటరిగా మిగిలిన చిన్న పిల్లవాడి కథ. 1993లో వచ్చిన 'మాతృదేవోభవ' సరే సరి. భర్త పోయి, తనకొచ్చిన జబ్బు తగ్గేది కాదని తెలిసిన తల్లి, బతికుండగానే పిల్లల్ని ఒక్కొక్కరినే దత్తతకి ఇచ్చేస్తుంది. మాధవి చేసిన ఆ పాత్రని చూసి కళ్ళు తడవకుండా బయటకి వచ్చినవాళ్ళు బహుశా నిద్రపోయి వుంటారు!

ఇక్కడ ఒక విశేషం గమనించండి. 'పాపం పసివాడు'కి ఆధారం దక్షిణాఫ్రికాలో తీసిన ఒక సినిమా. 'మాతృదేవోభవ' అదే ఏడు మలయాళంలో వచ్చిన 'ఆకాశదూత్'కి తెలుగు రూపం. దానికి ముందు 1983లో అమెరికాలో 'హూ విల్ లవ్ మై చిల్డ్రన్' అని టీవీ సినిమా ఒకటి వచ్చింది. అక్కడి అయోవా రాష్ట్రంలో పదిమంది పిల్లల తల్లి ఒకామె, క్యాన్సర్‌తో పోయేముందు తన పిల్లలకి తనే కొత్త ఇళ్ళు వెతికిపెట్టిన నిజమైన కథ అది. చూశారా? అయోవాలో ఏడిపించిన కథే కేరళలో ఏడిపించింది, తెలుగుదేశంలోనూ ఏడిపించింది. హాస్యం ఊరు మారితే సగం అర్థం కాదు. మన తాళి తెంచే సీను చూసి జపాన్ ఆవిడకి ఏమీ అనిపించకపోవచ్చు, ఎందుకంటే తాళి విలువ మనం పెరుగుతూ నేర్చుకున్నది. కానీ తల్లి చేతిలోంచి బిడ్డని విడదీసే సీనుకి మాటలే అక్కర్లేదు. ఏ భాష వాళ్ళయినా కళ్ళొత్తుకోవలసిందే.

సొంత బిడ్డ కోసం ఏడవడం అర్థమవుతుంది. ముక్కూమొహం తెలియని పిల్లవాడి కోసం ఎందుకేడుస్తాం? దీనికి ఒక చక్కని జవాబు చెప్పినావిడ సారా హర్డీ అనే అమెరికన్ శాస్త్రవేత్త. ఈవిడ 1970లలో మన రాజస్థాన్‌లోని మౌంట్ అబూకి వచ్చి, ఎండలో వానలో కొండముచ్చుల వెంట తిరిగి వాటి జీవితాన్ని పరిశీలించింది. తర్వాత 2009లో 'మదర్స్ అండ్ అదర్స్' అన్న పుస్తకం రాసింది. ఆవిడ చెప్పేదేమిటంటే, చింపాంజీ తల్లి మొదటి నెలల్లో తన పిల్లని ఇంకొకరి చేతికి ఇవ్వదు. అది తన పొట్టనే కరుచుకుని వుంటుంది. మనిషి బిడ్డ అలా కాదు. మన బిడ్డ ఎదగడానికి చాలా ఏళ్ళు పడుతుంది. ఒక్క తల్లి వల్ల అయ్యే పని కాదు. అమ్మమ్మ, నాయనమ్మ, పెద్దమ్మ, పిన్ని, మేనత్త, అక్క, ఇరుగమ్మ, పొరుగమ్మ - ఇంతమంది చేతుల్లో పడి పెరిగితేనే మనిషి జాతి నిలబడిందని ఆవిడ వాదన.

అంటే ఏమిటి? పరాయి బిడ్డ ఏడిస్తే గుండె కలుక్కుమనే గుణం వున్న గుంపుల్లోనే పిల్లలు ఎక్కువగా బతికారు. మనం వాళ్ళ సంతతి. ఎడారిలో దాహంతో అల్లాడే ఆ సినిమా పిల్లవాడిని చూసి మీ కళ్ళు చెమర్చాయంటే, అది పిచ్చి కాదు. మనందరం బతికి వుండడానికి కారణమైన గుణం అది. ఈసారి శ్రీవారు అడిగితే ఈ జవాబు చెప్పండి!

గోడకుర్చీ పరీక్ష

ఇంట్లో ఒంటరిగా ఫోన్‌లో చూసిన సినిమాకీ, హాల్లో నలుగురితో కూర్చుని చూసిన సినిమాకీ తేడా మీకే తెలుసు. హాల్లో ముందు వరుసలో ఎవరో ముక్కు ఎగబీలుస్తారు, దాంతో మనకీ ఆగదు. బయటికొచ్చాక ముఖాలు ఉబ్బిపోయి వుంటాయి, కానీ మనసు తేలిగ్గా వుంటుంది. పక్కనున్నవాళ్ళతో మాట కలపాలనిపిస్తుంది.

ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబిన్ డన్‌బార్ బృందం దీన్ని కొలిచి చూసింది. ఎలాగనుకున్నారు? మనకి చిన్నప్పుడు బళ్ళో హోమ్‌వర్కు చెయ్యకపోతే వేయించేవాళ్ళే గోడకుర్చీ, అచ్చం దానితోనే! గోడకి వీపు ఆనించి, కుర్చీ లేకుండా కూర్చున్నట్టు ఎంతసేపు వుండగలరో సినిమాకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చూశారు. కొందరికి కన్నీళ్ళు పెట్టించే సినిమా, కొందరికి మామూలు డాక్యుమెంటరీలు చూపించారు. ఏడుపు సినిమా చూసినవాళ్ళు సగటున ముందటికంటే ఎక్కువసేపు నొప్పి ఓర్చుకోగలిగారు. పక్కన కూర్చుని చూసిన కొత్తవాళ్ళ మీద దగ్గరితనం కూడా పెరిగింది. 2016లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

ఒంట్లో నొప్పిని తగ్గించే ఎండార్ఫిన్లు అనే రసాయనాలు దీనికి కారణమని వాళ్ళ ఊహ. కోతులు గంటల తరబడి ఒకదాని ఒంట్లో ఒకటి పేలు ఏరుకుంటాయి చూడండి, అప్పుడూ అవే పనిచేస్తాయట. గుంపు పెద్దదయ్యేకొద్దీ అందరికీ పేలు చూసే తీరిక ఎక్కడ? ఆ పని మనుషుల్లో నవ్వు, పాట, కథ చేస్తున్నాయని డన్‌బార్ అంటాడు. ఒకప్పుడు మధ్యాహ్నం పూట అరుగు మీద చేరి ఒకరి తల ఒకరు చూసుకుంటూ కబుర్లు చెప్పుకున్న మన అమ్మమ్మలకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. వాళ్ళు రెండూ ఒకేసారి చేశారు!

కన్నీరు నిజం... మరి తీర్పు ఎవరిది?

ఇంతవరకూ కన్నీళ్ళని మెచ్చుకున్నాం. ఇప్పుడు కాస్త జాగ్రత్త మాట చెప్పుకోవాలి. ఇది కొంచెం శ్రద్ధగా చదవండి.

కన్నీరు మనకి ఒక్కటే సంగతి చెబుతుంది. "ఇక్కడ ఒక మనిషి బాధలో వుంది, ఆమెకి ఎవరైనా కావాలి" అని. అంతే. ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు, ఆడది ఎలా వుండాలి అన్న తీర్పులు కన్నీటిలో వుండవు. కానీ సినిమా ఏం చేస్తుంది? మన కన్నీటిని తీసుకుని దాని మీద తన ముద్ర వేస్తుంది.

ఎన్ని సినిమాల్లో చూశాం! మొగుడు కొడతాడు, తిడతాడు, ఇంకొకత్తెని తెచ్చుకుంటాడు. ఇల్లాలు నోరు మెదపదు. ఆఖరికి అతగాడు చెడి ఇంటికొస్తే కాళ్ళు కడిగి లోపలికి పిలుస్తుంది. అప్పుడు వీణ మోగుతుంది, మన కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. ఆ నీళ్ళు దేనికొచ్చాయి? ఆమె పడ్డ బాధ చూసి వచ్చాయి. కానీ హాలు బయటకి వచ్చేటప్పుడు మన మనసులో మిగిలే మాట ఏమిటి? "ఆడదంటే అలా ఓర్చుకోవాలి" అని. చూశారా, ఎక్కడ మారిపోయిందో! గాయాన్ని చూసి ఏడిస్తే, గాయాన్ని భరించడమే గొప్ప అని మనచేత ఒప్పించేసింది. "అంత ఏడుపొచ్చిందంటే అందులో నిజం వుండే వుంటుంది" అని మనమూ అనుకుంటాం. ఏడుపు రావడానికి నిజం అక్కర్లేదు. దగ్గరగా ఒక ముఖం, ఒక వణికే గొంతు వుంటే చాలు. అది ఇంతసేపూ చెప్పుకున్నాం కదా!

1963లో 'లవకుశ' వచ్చినప్పుడు ఊళ్ళకి ఊళ్ళు బళ్ళు కట్టుకుని వెళ్ళి చూశాయి. అంజలీదేవి సీతమ్మగా భూదేవి ఒడిలోకి వెళ్ళిపోతుంటే ఏడవని ఆడది లేదు. ఆ తల్లులంతా నిండు గర్భిణిని అడవిలో వదిలెయ్యడం న్యాయమని ఏడ్చారా? కాదు. సీతమ్మ కష్టాలు తలుచుకుని ఏడ్చారు. మన ఆడవాళ్ళు తరతరాలుగా పాడుకున్న పాటల్లోనూ సీతమ్మ కష్టాలే ఎక్కువ. వాళ్ళకి తమ కన్నీళ్ళు ఎవరివైపు నిలబడ్డాయో బాగా తెలుసు.

కోపం సంగతీ అంతే. ఒకడి ముఖాన గాటు పెట్టి, కళ్ళు ఎర్రగా చేసి చూపిస్తే చాలు, వాణ్ణి ఏం చేసినా చప్పట్లు కొడతాం. గుంపుని మోసం చేసేవాడికి శిక్ష పడితే సంతోషించడం కూడా పాత గుణమే. కానీ ఎవడు దొంగో తేల్చింది మనం కాదు, డైరెక్టరు. సీరియల్ అత్తగారిని చూసి చూసి, ఇంట్లో వున్న అత్తగారు గ్లాసు కాస్త గట్టిగా పెట్టినా అనుమానంగా చూసే కోడళ్ళున్నారు. ఆమెకి మోకాళ్ళ నొప్పేమో!

కాబట్టి నా సలహా ఇది. హాల్లో కూర్చున్నంతసేపూ మనసారా ఏడవండి. దాన్ని ఆపుకోకండి, దానికి సిగ్గుపడకండి. ఇంటికొచ్చి కాఫీ కలుపుకునేటప్పుడు మాత్రం ఒక్క ప్రశ్న వేసుకోండి. "నేను దేనికి ఏడ్చాను? సినిమా నాచేత దేనికి సరే అనిపించింది?" రెండూ ఒకటే అయితే అది మంచి సినిమా. వేరువేరు అయితే కన్నీరు మీ దగ్గర వుంచుకుని, తీర్పు వాళ్ళకే తిప్పి పంపండి. ప్రకృతి ఇచ్చింది భావం. దాంతో ఏం చెయ్యాలన్న నిర్ణయం మనది.

పిల్లల సంగతి

చివరిగా తల్లులకి ఒక మాట. భయం సినిమాల్లో సగం భయం చెవిలోంచి వస్తుంది. డేనియల్ బ్లమ్‌స్టీన్ అనే శాస్త్రజ్ఞుడు మార్మట్ అనే ఉడుత జాతి జంతువుల మీద పనిచేసేవాడు. పట్టుకుంటే వాటి పిల్లలు పెట్టే కీచుమనే అరుపు విని, ఇలాంటి గరుకు చప్పుళ్ళు సినిమాల్లోనూ వుంటాయేమోనని వందకి పైగా సినిమాల సౌండుని పరిశీలించి 2010లో ఫలితాలు ప్రకటించాడు. ఊహించినట్టే, భయం సినిమాల్లో అలాంటి చప్పుళ్ళు ఎక్కువ. 1960లో వచ్చిన 'సైకో' సినిమాలో స్నానాలగది సీనులో వయొలిన్లు కీచుమంటాయి కదా, అవి ప్రాణభయంతో పెట్టే కేకల్లాంటివే. పిల్లలు మరీ భయపడుతుంటే ముందు టీవీ సౌండు తగ్గించి చూడండి. దెయ్యం కాస్తా పిండి పూసుకున్న మనిషిలా కనిపిస్తుంది!

ఇంకోటి. మీ ముఖం జాగ్రత్త! అమెరికాలో సూసన్ మినేకా అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు కలిసి లేబరేటరీలో పుట్టిన కోతులకి నిజంగానే వీడియో సినిమా చూపించారు. పాముని చూసి బెదిరే కోతి బొమ్మ అది. అంతకుముందు పాములంటే బెరుకు లేని కోతులు ఆ బొమ్మ చూసి భయం నేర్చుకున్నాయి. అదే వీడియోని మార్చి, కోతి పువ్వుల్ని చూసి బెదిరినట్టు చూపిస్తే మాత్రం పువ్వులంటే భయపడలేదు! 1989లో అచ్చయిన పరిశోధన ఇది. పాము భయానికి మెదడులో పీట ముందే వేసి వుంది, అది ఎదుటివాళ్ళ ముఖం చూసి వచ్చి కూర్చుంటుంది అన్నమాట. సినిమా చూస్తూ మీరు కెవ్వుమంటే, ఒళ్ళో వున్న బిడ్డ తెరని కాదు, మిమ్మల్ని చూసి భయం నేర్చుకుంటుంది.

పిల్లల భయాల మీద ఎన్నో ఏళ్ళు పరిశోధించిన జోన్ కేంటర్ చెప్పిన మాటలు కొన్ని గుర్తుంచుకోదగ్గవి. వాటిని ఇంట్లో ఇలా పాటించవచ్చు:

* బడికి వెళ్ళే వయసు రాని పిల్లలు రూపం చూసి భయపడతారు. మంచివాడైనా సరే, ముఖం వికారంగా మారితే బెదిరిపోతారు. నరసింహస్వామి దేవుడే, మనల్ని రక్షించేవాడే అన్నా వాళ్ళకి ఎక్కదు. కథలో ఎవరు మంచి అని కాదు, చూడ్డానికి ఎలా వుందన్నది చూసుకుని కూర్చోబెట్టండి.

* ఈ వయసు వాళ్ళకి "అది నిజం కాదమ్మా" అన్న మాట అంతగా పనిచెయ్యదు. మనకే పనిచెయ్యనప్పుడు వాళ్ళకేం చేస్తుంది? ఒళ్ళోకి తీసుకోండి, దుప్పటి కప్పండి, గోరువెచ్చని పాలివ్వండి. ఒంటికి వచ్చిన భయానికి ఒంటితోనే మందు.

* ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలు దెయ్యాల కంటే జరగడానికి వీలున్నవాటికి ఎక్కువ భయపడతారు. దొంగలు, అగ్నిప్రమాదాలు, పిల్లల్ని ఎత్తుకుపోవడం, అమ్మానాన్నలకి ఏదైనా కావడం. వీళ్ళకి మాటలు పనిచేస్తాయి. ఎదురుగా కూర్చోబెట్టుకుని వివరంగా చెప్పండి.

* "మగపిల్లాడివి, ఏడుస్తావేంరా?" అని మాత్రం అనకండి. పరాయి బిడ్డ కోసం కళ్ళు చెమర్చే కొడుకు రేపు మంచి తండ్రవుతాడు. ఆ పాత గుణం ఆడపిల్లలకి మాత్రమే పంచిపెట్టింది కాదు. చీకట్లో అటు తిరిగి కళ్ళజోడు తుడుచుకునే శ్రీవారిని అడిగి చూడండి, ఆయన కంట్లోనూ నలకే పడి వుంటుంది!

ఈ ఆదివారం ఏ పాత సినిమానైనా ఇంటిల్లిపాదీ కలిసి చూడండి. అత్తగారినీ పిలవండి. పకోడీలు వేయించుకోండి. చేతిరుమాలు మాత్రం మర్చిపోకండి. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.